పచ్చ జట్టు చివరి టికెట్టు

పోయిన వారం కంగారమ్మని బడి వరండాలో, చేతిలో నీళ్ళ సీసాతో, గొంతులో ప్రాణంతో వదిలి వచ్చాం. సీసాలో నీళ్ళు అలాగే ఉన్నాయి. తూనీగ మాత్రం ఇంకా దొరకలేదు.

తూనీగ అంటే ఆమె ఆడపడుచు కూతురు. ఒక్కచోట కాలు నిలవదని ఇంట్లో పెట్టుకున్న పేరు. సెలవులకి మేనమామ ఇంటికి వచ్చింది. కంగారమ్మ కొడుకు చిన్నోడితో పాటు సెలవుల బడిలో చేరింది. ఆ బడిలో పాఠాలు పాఠాల్లా ఉండవు. లెక్కల మాస్టారు గదులన్నిటినీ కలిపి ఒక సెలవు ప్రయాణంగా మార్చేశాడు. ఒక గది రైలు స్టేషను, ఒక గది సముద్రపు ఒడ్డు, ఇంకొకటి అడవి. పెట్టె సర్దాలంటే బరువులు కూడాలి. రైలెక్కాలంటే గంటలు లెక్కెయ్యాలి. పిల్లలు చదువుతున్నామని తెలియకుండానే చదివేస్తున్నారు.

ఆఖరి రోజు పెద్ద ఆట పెట్టాడు. పాత క్యాలెండరు అట్టలు కత్తిరించి టికెట్లు చేశాడు. టికెట్టు మీద ఒక లెక్క ఉంటుంది, దాని జవాబే తర్వాత వెళ్ళాల్సిన గది నంబరు. ఆ గదిలో ఇంకో టికెట్టు. ఎర్ర జట్టు ప్రయాణం సముద్రం దగ్గర ఆగుతుంది, నీలం జట్టుది అడవిలో. చిన్నోడూ తూనీగా ఇద్దరే ఉన్న పచ్చ జట్టుది మేడ మీద గదిలో, అంటే కొండ మీద. అక్కడ వాళ్ళ బహుమతి మూట ఉంటుంది.

టికెట్లు అంటించడానికి తల్లుల్లో ఎవరైనా సాయం వస్తారా అని పొద్దున మాస్టారు అడిగితే, అందరికన్నా ముందు చెయ్యెత్తింది కంగారమ్మే. సాయం కోసం కాదు. కొడుకు ఎక్కడెక్కడ తిరగబోతున్నాడో ముందే చూసుకోవచ్చని. మేడ ఎక్కి చూసింది. చుట్టూ గోడ మోకాలి ఎత్తు కూడా లేదు. ఆ ఒక్క క్షణంలో కొడుకు ఆ గోడ మీంచి ఎన్ని రకాలుగా పడొచ్చో అన్ని రకాలుగానూ పడడం కళ్ళారా చూసేసింది. వెంటనే మూట చంకన పెట్టుకుని కిందకి దిగి, పదో నంబరు గది లైబ్రరీలో పుస్తకాల వెనక దాచింది. పచ్చ జట్టుని మేడ మీదకి పంపే మాస్టారి చివరి టికెట్టు పీకేసి, ఒక అట్టముక్క మీద తనే ఒక లెక్క రాసి అతికించింది. జవాబు పది వచ్చేలా. ఎవరికీ చెప్పలేదు.

తూనీగ ఆ టికెట్టు పుచ్చుకుని తుర్రుమంది. వెనకే పరిగెత్తిన చిన్నోణ్ణి తల్లి వరండాలో పట్టుకుని, చెమట తుడిచి, నీళ్ళు తాగించి, ఊడిన గుండీ పెట్టి వదిలింది. వాడు మలుపు తిరిగేసరికి తూనీగ లేదు. అన్నాల వేళ నుంచి వెతుకుతున్నారు. ఇప్పుడు ఎండ పక్క మేడ గోడ ఎక్కింది.

అదీ ఇంతవరకు సంగతి. ఇక ఆరో తరగతి గదిలోకి వెళ్దాం.

గదిలో నలుగురు పెద్దవాళ్ళు, ఒక పిల్లవాడు. మిగతా పిల్లల్ని ఇళ్ళకి పంపేశారు. నల్లబల్ల మీద రంగు సుద్దలతో గీసిన రైలు అలాగే ఉంది. దాని కిటికీల్లోంచి పిల్లలు గీసిన మొహాలు పళ్ళికిలించి చూస్తున్నాయి.

కంగారమ్మ ముందు బెంచీలో కూర్చుంది. బల్లా బెంచీ కలిపి చేసిన పిల్లల సామాను అది. "కూర్చో వదినా, పడిపోతావు" అని ఆడపడుచు భుజం నొక్కితే అందులోకి దూరడమైతే దూరింది కానీ, మోకాళ్ళు బల్ల కింద ఇరుక్కుపోయాయి. లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టి లాగాల్సిందే. పక్కనే చిన్నోడు ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుని, విప్పుకుని, మళ్ళీ చుట్టుకుంటున్నాడు.

ఆడపడుచు కబురందగానే ఆఫీసులోంచి ఉన్నపళాన వచ్చేసింది. మెడలో గుర్తింపు కార్డు కూడా తియ్యలేదు. మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి. ఇవాళ గొంతు తగ్గించి మాట్లాడుతోంది. అది ఇంకా భయంగా ఉంది.

"మాస్టారూ, ఒక్క మాట చెప్పండి. పసిపిల్లని మేడ మీదకి ఎలా పంపాలనిపించిందండీ మీకు?"

లెక్కల మాస్టారు బల్లకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పాతికేళ్ళ లోపు కుర్రాడు. ఈ సెలవుల బడి బాగా నడిపితే బడి తెరిచాక ఉద్యోగం ఖాయం చేస్తామని పెద్ద మేడం మాటిచ్చింది. చొక్కా చేతులకి ఇంకా సుద్దపొడి ఉంది.

"ఒంటరిగా పంపలేదండీ. పచ్చ జట్టు రాగానే వెంట నేనే ఎక్కుదామని మేడ మెట్ల దగ్గర నిలబడ్డాను. ఆట మొదలయినప్పటి నుంచీ అక్కడే ఉన్నాను. నన్ను దాటి ఎవరూ పైకి వెళ్ళలేదు."

ఆ మాట వినగానే కంగారమ్మ కళ్ళు మూసుకుంది. మెట్ల దగ్గర నిలబడ్డాడట. పిల్లల చెయ్యి పట్టుకుని తనే ఎక్కిద్దామనుకున్నాడట. ఆ ముక్క పొద్దున్నే చెప్పి ఉంటే! కాదు, తను అడిగి ఉంటే. అడగడానికి నోరెక్కడిది? అడిగితే, "ఏంటండీ, అన్నిటికీ భయమేనా?" అని నవ్వుతారు. ఇంట్లో నవ్వుతారు, వీధిలో నవ్వుతారు. కంగారమ్మ అన్న పేరు ఊరికే రాలేదు. కొడుకు పెన్సిలు చెక్కుకుంటున్నా పక్కన నిలబడి చూసే మనిషి.

"ఎవరూ వెళ్ళలేదా?" అంది ఆడపడుచు. "మరి పైన మూట ఏమైంది? దానికి రెక్కలొచ్చాయా?"

అక్కడే అందరూ చిక్కుకుపోయారు. మేడ మీద గదిలో మూట లేదు. మూట లేదంటే పిల్ల అక్కడికి వచ్చి తీసుకుందనేగా అర్థం. పిల్ల పైకి వచ్చిందంటే మాస్టారు అబద్ధమాడుతున్నట్టేగా. అందుకే ఇంత సేపూ మేడ చుట్టూనే వెతికారు. గోడ పక్కన ముళ్ళ పొదలు కర్రతో కొట్టి చూశారు. పక్క మేడవాళ్ళ నీళ్ళ తొట్టి మూత తీయించారు. ఆ మూత తీస్తున్నప్పుడు ఆడపడుచు గోడకి తల ఆనించి నిలబడింది. కంగారమ్మ అదంతా చూస్తూనే ఉంది. పిల్ల పైకి వెళ్ళలేదని ఆమెకొక్కదానికే తెలుసు. మూట పదో నంబరు గదిలో లావు పుస్తకాల వెనక, పెట్టినచోటే ఉందని కూడా తెలుసు. అందరూ మేడ ఎక్కినప్పుడు ఆమె లైబ్రరీకి పరిగెత్తింది. బల్లల కింద, బీరువాల సందుల్లో, తలుపు వెనక చూసింది. తూనీగ అక్కడికి రానేలేదు.

అప్పటి నుంచీ ఆమె బుర్రలో ఒకటే మాట గానుగెద్దులా తిరుగుతోంది. నేను పంపింది లైబ్రరీకి. పిల్ల లైబ్రరీకి రాలేదు. అంటే దారిలోనే ఏదో జరిగింది. నా టికెట్టుకీ దీనికీ సంబంధం లేదు. సంబంధం లేనప్పుడు చెప్పి లాభమేంటి? ఉన్న నలుగురి ముందు నా మొహాన నేనే పేడ కొట్టుకోవడం తప్ప.

అలా అనుకోగానే కాసేపు ఊపిరాడేది. మరుక్షణం మాస్టారి మొహం కనబడేది, మళ్ళీ ఆగిపోయేది.

పెద్ద మేడం కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుంది. కోపం వచ్చినప్పుడు ఆవిడ అలా తుడుస్తుందని బడిలో పిల్లలందరికీ తెలుసు.

"చూడండి మాస్టారూ, నేను మిమ్మల్ని నమ్మాను. ఆటలతో చదువు చెబుతానంటే సరే అన్నాను. మెట్ల దగ్గర ఉండి కూడా చూసుకోలేదా, అసలు మెట్ల దగ్గరే లేరా, ఏదో ఒకటి ఒప్పుకోండి. ఎందుకంటే నేనిప్పుడు పోలీసులకి ఫోన్ చేస్తున్నాను. వాళ్ళొస్తే ముందు అడిగేది మిమ్మల్నే."

"చెయ్యండి మేడం," అన్నాడు మాస్టారు. "నేనే చెయ్యమందామనుకుంటున్నాను. నా సంగతి తర్వాత. ముందు పిల్ల దొరకాలి."

"ఏం పెద్దరికం! పిల్లని పోగొట్టి ఇప్పుడు పిల్ల దొరకాలట!" అంది ఆడపడుచు. అని, గిరుక్కున తిరిగి కంగారమ్మ పక్కన బెంచీ అంచున కూర్చుంది. ఆ కూర్చోవడంతో బల్ల ఇంకాస్త లోపలికి జరిగి మోకాళ్ళు నొక్కింది.

"నిన్ను అనడం లేదు వదినా. నువ్వలా ముడుచుకుపోకు." వదిన చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది. "నిజం చెప్పనా? అన్నయ్యా నేనూ నీ వెనక నవ్వుకునేవాళ్ళం. వర్షం పడితే కొడుకు కన్నా ముందు కొడుకు చెప్పులు తడుస్తాయేమోనని ఏడుస్తుంది అని. కానీ దాన్ని మీ ఇంట్లో దింపినప్పుడు నాకు ఎందుకు బెంగ లేదో తెలుసా? నువ్వున్నావని. నీకున్న భయం ఇంకెవరికీ ఉండదు. ఆ భయమే నాకు భరోసా."

కంగారమ్మకి ఆ చెయ్యి నిప్పులా తగిలింది. లాక్కుంటే అనుమానం, ఉంచితే పాపం. ఇంతకన్నా రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండేది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఈ ఆడపడుచు నోట ఒక్క మంచి మాట వినాలని ఎంత ఆశపడింది! వినపడింది, ఇవాళ.

కిటికీ ఊచల నీడలు నేల మీంచి జరిగి జరిగి ఆమె ఒళ్ళోకి వచ్చాయి.

పెద్ద మేడం ఫోన్ తీసింది. మీట నొక్కిన చప్పుడు ఆ నిశ్శబ్దంలో గడియ పడ్డట్టు వినిపించింది. మాస్టారు తల దించుకుని చేతుల సుద్దపొడి తుడుచుకుంటున్నాడు. ఎంత తుడిచినా పోవడం లేదు. ఎవరి బిడ్డో. ఇతనికీ ఎక్కడో ఓ తల్లి ఉండే ఉంటుంది. పొద్దున డబ్బా కట్టిచ్చి, "జాగ్రత్త నాన్నా" అని పంపి ఉంటుంది. ఆ తల్లి కొడుకుని ఇప్పుడు జీపెక్కిస్తారు. ఆ జీపులో అతను కూర్చోవడం, వీధిలో జనం చూడడం, ఆ తల్లి గుమ్మంలో కూలబడడం కంగారమ్మకి ఒకదాని వెంట ఒకటి కనబడిపోయాయి. చెడ్డవన్నీ ముందే కనబడే కళ్ళు ఆమెవి. ఆ కళ్ళే ఇప్పుడు ఆమెని నిలవనివ్వలేదు.

"మేడం, ఆగండి," అంది.

అనడానికైతే అంది కానీ గొంతు పైకి రాలేదు. పెద్ద మేడం వినిపించుకోలేదు.

"ఆ ఫోన్ ఆపండి మేడం! తూనీగ మేడ మీదకి వెళ్ళలేదు."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె లేచి నిలబడి చెప్పాలనుకుంది. బల్ల లేవనివ్వలేదు. తప్పు చేసిన పిల్లలా ఆ బెంచీలో ఇరుక్కునే చెప్పాల్సి వచ్చింది.

"మాస్టారు నిజమే చెబుతున్నారు. పైకి ఎవరూ వెళ్ళలేదు. మూట... మూట లైబ్రరీలో ఉంది. నేనే పెట్టాను. పొద్దున. టికెట్టు కూడా నేనే మార్చాను. ఆ గోడ చూసి భయమేసింది మేడం." ఆడపడుచు వైపు తిరిగింది. "నా కొడుకు, నీ కూతురు ఇద్దరూ ఆ గోడ పక్కన... నాకు భయమేసింది అమ్మాయ్."

ఆడపడుచు చెయ్యి వదలలేదు. అదే కంగారమ్మకి అర్థం కాలేదు. కాసేపు ఆ చెయ్యి ఈ చేతిని పట్టుకుని అలాగే ఉంది, ఇంకా మాట చేరనట్టు. తర్వాత ఒక్కొక్క వేలే సడలింది.

"పొద్దున్నుంచీ నీకు తెలుసా?"

"తెలుసు."

"ఆ నీళ్ళ తొట్టి మూత తీయించినప్పుడు?"

కంగారమ్మ తల ఊపింది.

"నేనక్కడ చచ్చిపోయాను వదినా." ఆమె లేచి నిలబడింది. "మూత తీసేదాకా నేను చచ్చి ఉన్నాను. నువ్వు పక్కనే నిలబడి చూశావు."

చిన్నోడు తల్లి కొంగు వదిలేసి, అత్తయ్యని ఒకసారి, అమ్మని ఒకసారి చూశాడు.

మాస్టారు మాత్రం గబగబా ముందుకొచ్చాడు. కోప్పడతాడనుకుంది. అతని మొహంలో కోపానికి చోటే లేదు.

"అమ్మా, టికెట్టు మీద ఏం రాశారు? సరిగ్గా ఏం రాశారో అదే చెప్పండి."

"మీ లెక్కల్లాగే ఉండాలని కూడికా, గుణకారం రెండూ పెట్టాను బాబూ. మూడు కూడిక రెండు గుణకారం రెండు. అంతే. మూడూ రెండూ అయిదు. అయిదు రెళ్ళు పది. పదంటే లైబ్రరీ. నేను లైబ్రరీకే పంపాను బాబూ, ఒట్టు! కింద గది, ఊచలున్న కిటికీలు, మేడం గారి గది పక్కనే. అంతకన్నా భద్రమైన చోటు ఈ బడిలో లేదని..."

మాస్టారు కదల్లేదు. ఎందుకో ఆమె వైపు కాక చిన్నోడి వైపు చూశాడు.

చిన్నోడు బెంచీలోంచి జారి కింద నిలబడ్డాడు. నేల చూపులు చూస్తూ, "అమ్మా, తిట్టనంటే చెప్తాను," అన్నాడు.

"చెప్పు నాన్నా."

"అది పది కాదమ్మా."

"పది కాకపోవడమేంటిరా? వేళ్ళ మీద చూసుకున్నాను, రెండుసార్లు."

వాడు నల్లబల్ల దగ్గరికి వెళ్ళాడు. రైలు ఇంజను కింద కాస్త ఖాళీ ఉంటే సుద్దముక్కతో అక్కడ ఆ లెక్క రాశాడు. మునివేళ్ళ మీద నిలబడి రాశాడు కాబట్టి అంకెలు వంకరగా వచ్చాయి. రాసి, రెండుకీ రెండుకీ చుట్టూ ఒక సున్నా చుట్టాడు.

"ముందు గుణకారం చెయ్యాలమ్మా. తర్వాతే కూడిక. ఎటువైపు ఉన్నా సరే, గుణకారానిదే ముందు వంతు. సెలవులు మొదలైనప్పటి నుంచీ మాస్టారు రోజూ పాడిస్తున్నారు. రెండు రెళ్ళు నాలుగు. మూడూ నాలుగూ..." వాడు ఆగాడు. "ఏడు. తూనీగకి ఇది బాగా వచ్చు. నాకన్నా ముందే చెప్పేస్తుంది. అది పదికి వెళ్ళదమ్మా."

కంగారమ్మ ఆ నల్లబల్ల వైపు చూసింది. ఆమె చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. లెక్కంటే ఎడమ నుంచి కుడికి, వచ్చింది వచ్చినట్టు చేసుకుపోవడమే. సంసారం అలాగే నడిపింది. అంకెల్లోనూ ఒకరిదే ముందు వంతని ఆమెకి ఎవరూ చెప్పలేదు. వరండాలో నీళ్ళ సీసాలు కాపలా కాస్తూ పిల్లల పాట రోజూ విన్నది, ముద్దుగా ఉందనుకుంది.

"ఏడంటే ఏది?" అంది ఆడపడుచు. "ఏడో నంబరు గది ఏది?"

పెద్ద మేడం చేతిలో ఫోన్ కిందకి దిగింది. మాస్టారు పెదాలు తడుపుకున్నాడు.

"అది ఆటలో లేదండీ. అటు వైపే వెళ్ళొద్దని పిల్లలకి చెప్పాను. కానీ టికెట్టు మీద ఉంటే... నేనే రాశాననుకుంటుంది కదా."

గుమ్మంలో బడి కాపలా మనిషి, గేటు తాత, నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. "ఏడు వెనక కట్టడంలో ఉందమ్మా," అన్నాడు. "పాత సైన్సు గది. కప్పు పెచ్చులూడి పడుతోందని మూసేశారు. సెలవుల్లోనే పడగొట్టిద్దామనుకున్నారు. నేను ఇందాక అటు పోయి పిలిచాను తల్లీ. పలకలేదు."

"లోపలికెళ్ళి చూశావా?" అంది ఆడపడుచు.

"పలక్కపోతే లేదనుకున్నా."

ఆడపడుచు అప్పటికే పరిగెత్తింది. మాస్టారు వెనకే. కంగారమ్మ లేవబోయింది, బల్ల పట్టేసింది. "లాగరా!" అంది కొడుకుతో. వాడు రెండు చేతులతో లాగాడు. చీర ఎక్కడో పర్రుమంది. బయటపడింది. వాణ్ణి మేడం చేతికి అప్పగించి, చెప్పులు కూడా లేకుండా వరండా దాటి సైకిళ్ళ కొట్టం పక్క నుంచి పరిగెత్తింది. జన్మలో ఆమె కొడుకుని ఒకరికి అప్పగించి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళడం అదే మొదలు.

వెనక కట్టడం మీద ఎండ లేదు. విరిగిన బెంచీలు గోడ పొడుగునా గుట్టలు పోసి ఉన్నాయి. ఏడో నంబరు గది చివరిది. తలుపు మీద అంకె వెలిసిపోయినా చదవడానికి వస్తోంది. పిల్లల కళ్ళకి ఇంకా బాగా వస్తుంది.

ఆడపడుచు తలుపు తోసింది. రాలేదు. భుజంతో గుద్దింది. లోపల కప్పు మీంచి ఏదో ఊడి దభీమని నేల మీద పడింది. తలుపు సందులోంచి సున్నపు దుమ్ము ఇవతలికి వచ్చింది.

"ఆపండి!" మాస్టారు ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "తలుపు అదిరితే కప్పు అదురుతుందండీ. ఈ గోడ మీదే ఆనుకుని ఉంది అదంతా. ఒక్క దెబ్బ కూడా వెయ్యొద్దు."

"తాళం ఏదీ? తాళం తియ్యండి!"

గేటు తాత ఆయాసపడుతూ వచ్చాడు. తలుపు పైనా కిందా చూసి మెల్లగా అన్నాడు.

"తాళం ఎక్కడిదమ్మా దీనికి? బయట గడియ ఎప్పుడో ఊడిపోయింది. ఉన్నది లోపలి గడియ ఒక్కటే."

ఆ మాట అర్థం కావడానికి కంగారమ్మకి కాస్త సమయం పట్టింది. లోపలి గడియ వేసి ఉంది. గడియ దానంతటది పడదు. వేసిన మనిషి లోపలే ఉంది. ఉంది! ఒళ్ళంతా వేడినీళ్ళు పోసినట్టయింది. వెంటనే, ఉంటే ఎందుకు పలకలేదు, పలకలేని స్థితిలో ఉందా అని రెండో ఆలోచన వచ్చి అదే ఒంటి మీద చన్నీళ్ళు పోసింది.

"అందరూ వెనక్కి జరగండి," అన్నాడు మాస్టారు. "ఒక్కరే తలుపు దగ్గర ఉండాలి. మెల్లగా మాట్లాడి గడియ తీయించాలి. ఎవరు మాట్లాడితే వింటుంది?"

ఆడపడుచు తలుపు వైపు ఒక అడుగు వేసి ఆగింది. ఆమె వదిన వైపు చూసింది. ఆ చూపులో ఇందాకటి మాటలన్నీ ఇంకా అలాగే ఉన్నాయి, ఏదీ మాఫీ కాలేదు. అయినా చెయ్యి పెట్టి వదినని తలుపు వైపు నెట్టింది.

కంగారమ్మ తలుపుకి చెంప ఆనించి నిలబడింది. చెక్క వాసన, తడి సున్నం వాసన. లోపల ఎక్కడో ఇసుక రాలుతున్నట్టు సన్నటి చప్పుడు, ఆగి ఆగి.

"తూనీగా," అంది. "అమ్మలూ, నేనే, అత్తని. లెక్క నువ్వు తప్పు చెయ్యలేదమ్మా. నేనే తప్పు రాశాను. నువ్వు చేసిందే రైటు. మెల్లగా లేచి గడియ తియ్యి తల్లీ. గోడ పక్క నుంచి రా. నడుమ నుంచి రాకు."

ఏమీ లేదు. సున్నం రాలుతున్న చప్పుడు ఒక్కటే.

అప్పుడు తలుపుకి అవతల, ఆమె చెంపకి సరిగ్గా ఎదురుగా, చిన్న గొంతు. ఇంత సేపూ తలుపు దగ్గరే కూర్చుని ఉన్నట్టుంది.

"అత్తా."

"అమ్మా! చెప్పు తల్లీ! దెబ్బ తగిలిందా? నొప్పిగా ఉందా?"

"లేదు. తాత పిలిచినప్పుడు విన్నాను. కావాలనే పలకలేదు."

"ఎందుకమ్మా?"

"నువ్వొక్కదానివే వచ్చావా?"

కంగారమ్మ వెనక్కి తిరిగి చూసింది. అడుగు దూరంలో ఆడపడుచు నిలబడి ఉంది, అంతా వింటూ.

"మా అమ్మ వచ్చిందా, అత్తా? అమ్మ ఉంటే నేను గడియ తియ్యను. కప్పు పైన పడిపోతున్నా సరే తియ్యను."

ఆడపడుచు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆశ్చర్యం మాత్రం లేదు. ఆమె అరచేత్తో తన నోరు తనే నొక్కి పట్టుకుని, రెండో చేతిని అడ్డంగా ఊపింది. లేనని చెప్పు. నేను రాలేదని చెప్పు.

పైన ఏదో పెళ్ళుమంది. తలుపు కింది సందులోంచి దుమ్ము కంగారమ్మ పాదాల మీదకి వచ్చింది.

"చెప్పత్తా," అంది లోపలి గొంతు. "నువ్వు నాకెప్పుడూ అబద్ధం చెప్పవు కదా."